కొట్టేయండి... చెరిపేయొద్దు!

మానేరుకు ఈ ఒడ్డున టేకుమట్ల మండలం గర్మిళ్లపల్లి. ఆ ఒడ్డున పెద్దపల్లి జిల్లా ఓడేడు. రెండు ఊళ్లనూ కలిపే వంతెన పని 2016లో మొదలైంది. అది పూర్తికాకముందే 2024 ఏప్రిల్‌ 22 రాత్రి ఈదురుగాలులకు గడ్డర్లు కూలిపడ్డాయి. అప్పటికి పని మొదలై ఎనిమిదేళ్లు. ఇలా ఏళ్లతరబడి సాగే పనుల్లో ఇంజినీర్లు మారతారు, మేస్త్రీలు మారతారు. ఎక్కడ ఎంత పని జరిగిందో చెప్పడానికి చివరికి మిగిలేది రాసిపెట్టిన కొలతలే.

అందుకే సర్కారు పనుల్లో మెజర్‌మెంట్‌ బుక్కుకు అంత విలువ. ‘ఎం.బి.’ అంటే ఇదే. పేజీలకు వరుస నంబర్లుంటాయి, ఒక్కటీ చింపకూడదు. తప్పు పడితే చెరపకూడదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన తేదీ వేసి పొట్టి సంతకం చేయాలి. కొలత మొత్తాన్నే రద్దు చేస్తే కారణమూ రాయాలి. పాత అంకె గీత కింద కనిపిస్తూనే ఉంటుంది.

మరి కంప్యూటర్లో? ఒక్క మీట నొక్కితే వరస మాయం!

దర్వాజ పోయింది... గోడ పెరిగింది

ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం గోడ అనుకుందాం. ఇటుక కట్టుబడి 150 ఘనపుటడుగులు. అందులో నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు దర్వాజకు 21 తీసేయాలి. మిగిలేది 129. ఎస్టిమేట్‌లో ఆ దర్వాజ వరస పొరపాటున డిలీట్‌ అయిందనుకోండి. మొత్తం మళ్లీ 150కి చేరుతుంది. కట్టని గోడకు డబ్బులు కట్టాల్సిందే! అదే గోడ వరస పోతే నష్టపోయేది మేస్త్రీ. రెండు సందర్భాల్లోనూ కూడిక సరిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఏం చేయాలంటే...

* వరసను డిలీట్‌ చేయకండి. పరిమాణం దగ్గర సున్నా వేసి ‘రద్దు’ అని రాయండి. పాత కొలత, కారణం, తేదీ పక్కనే ఉంచండి.

* మార్పులు చేసేముందు ఫైలును తేదీ పేరుతో మరో కాపీగా దాచుకోండి. ఫైలు మూసేశాక ‘అన్‌డూ’ పనిచేస్తుందన్న భరోసా లేదు.

* మార్పుకు ముందు, తర్వాత మొత్తాలను పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో తేలాకే బిల్లు ముట్టజెప్పండి.

* ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ అయితే మరీ మంచిది. ఆ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

* ఇద్దరూ సంతకాలు చేసిన కాగితాన్ని ఇల్లు పూర్తయ్యేదాకా పారేయకండి.

టేపు పట్టినప్పుడు ఇటు కొస యజమాని, అటు కొస మేస్త్రీ పట్టుకుంటే తగాదా ఉండదు. కంప్యూటర్లోని లెక్కకూ అలా రెండు జతల కళ్లు ఉండాలి. గీత కొట్టిన అంకె చూడ్డానికి బాగుండకపోవచ్చు. రేపు పంచాయితీ వస్తే సాక్ష్యం చెప్పేది మాత్రం అదే!