తిన్నదాంట్లో ఒంటబట్టేది ఎంత?

‘ఎంత తిన్నా ఒంటబట్టడం లేదు’ అని మన ఇళ్లలో తరచూ వింటుంటాం. ఇనుము విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు. సరైన తిండి చాలకపోవడం ఒక కారణమైతే, తిన్న ఇనుము పేగు గోడ దాటకపోవడం మరో కారణం. ఈ రెండోదాని గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

తోటకూర పప్పు కలిపిన అన్నం ముద్ద వెంటే వెళ్దాం. నోట్లో ఉండగానే లాలాజలం అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలెడుతుంది. 25 సెంటీమీటర్ల అన్నవాహికను ముద్ద పది సెకన్లలో దాటేస్తుంది. జీర్ణాశయంలో మాత్రం రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. అక్కడి ఆమ్లం నిమ్మరసమంత ఘాటుగా ఉంటుంది. ఆకుకూరలోని ఇనుము కరిగేది ఆ ఘాటుకే.

ఆపైన చిన్నపేగు, సుమారు 6 మీటర్లు. పిండిపదార్థాలూ మాంసకృత్తులూ కొవ్వులూ నెమ్మదిగా ఒంటికి చేరడానికి ఇక్కడ కావలసినంత చోటుంది. ఇనుముకు ఆ వెసులుబాటు లేదు. అది లోపలికి వెళ్లేది ముఖ్యంగా మొదట్లో ఉన్న ఆంత్రమూలం దగ్గరే. దాని పొడవు 25 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త ఎక్కువ. లోపలి గోడ మఖమల్ గుడ్డలా నూగునూగుగా ఉంటుంది. ఆ నూగులో ఒక్కో పోగు పొడవు ఒక మిల్లీమీటరుకు మించదు. వాటిపై ఉండే కణాలు బతికేది నాలుగైదు రోజులే. ఒంటికి అవసరముంటే అవి ఇనుమును రక్తంలోకి వదులుతాయి. లేదంటే తమలోనే దాచుకుని, రాలిపోయేటప్పుడు వెంట తీసుకుపోతాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటోంది. పురుషులకు 19 చాలు. నెలసరిలో పోయేదాన్ని పూడ్చుకోవాలి కనుకే ఇంత తేడా. అయితే శాకాహారంలోని ఇనుములో పదో వంతు ఒంటబట్టినా గొప్పే. 8 శాతం అనుకుంటే 29లో రక్తానికి చేరేది 2.3 మిల్లీగ్రాములు! మాంసంలోని ఇనుము ఇంతకంటే తేలిగ్గా, 15 నుంచి 35 శాతం దాకా ఒంటబడుతుంది.

ఆ కాస్తను కూడా మనమే పోగొట్టుకుంటున్నాం. పొలంలో సద్ది విప్పి తినగానే ఫ్లాస్కు మూత తీసి గ్లాసుల్లో టీ పోసుకోవడం ఎన్నో ఊళ్లలో అలవాటు. టీలోని టానిన్లు ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయి. భోజనంతోపాటు టీ తాగితే ఒంటబట్టే ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు. నిమ్మకాయ పని దీనికి పూర్తిగా విరుద్ధం. అందులోని సి విటమిన్ ఇనుమును కరిగిన స్థితిలోనే ఉంచి, లోపలికి వెళ్లేలా చేస్తుంది. వేడికి సి విటమిన్ పోతుంది కాబట్టి, పప్పును పొయ్యి మీద నుంచి దించాకే నిమ్మరసం పిండాలి.

టీ మానేయమని కాదు, అన్నానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట వదిలి తాగండి. మీ ఇంట్లో ఆడవాళ్లకు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకైతే 11కు తగ్గితే తిండి ఒక్కటే సరిపోదు, డాక్టరును కలిసి మాత్రలు వాడాలి.