టపాసుల రాత్రి కుక్కకూ పిల్లికీ ధైర్యం చెప్పేదెలా?

దీపావళి సాయంత్రం. అంతవరకూ వరండాలో తోక ఊపుతూ తిరిగిన కుక్క, వీధిలో మొదటి బాంబు పేలగానే మంచం కిందికి దూరిపోతుంది. నోరు తెరిచి రొప్పుతుంది, ఒళ్లంతా వణుకుతుంది. ఇష్టమైన చికెన్ ముక్క పెట్టినా వాసన కూడా చూడదు. పిల్లి అయితే బీరువా వెనక్కి చేరి మర్నాటి వరకూ బయటికి రాదు. భయంతో గొలుసు తెంపుకుని పరుగుతీసి, దారి తప్పి, మళ్లీ ఇల్లు చేరని కుక్కలూ ఉంటాయి.

ఈ బాధ చూడలేక చాలామంది ‘సహజమైనది, ఏ హానీ చేయనిది’ అని రాసి ఉన్న నూనెలు, చుక్కల మందులు కొంటారు. భయం తగ్గించడానికి నిజంగా పనికొచ్చే సహజ మార్గాలు ఉన్నాయి. అయితే వాటిలో చాలావరకు సీసాలో దొరికేవి కావు. అవి ఆ జంతువు స్వభావంలోనే ఉన్నాయి.

ఆ చప్పుడు వాటికి ఎంత?

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ధ్వనులను వినగలదు. కుక్క దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు, పిల్లి 60,000 హెర్ట్జ్‌కు పైగా వింటాయి. అంటే ఒకే పేలుడులో మనకు అందని భాగం కూడా వాటికి వినిపిస్తుంది.

మన దేశ నిబంధనల ప్రకారం, పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో టపాసు శబ్దం 125 డెసిబెళ్లు దాటకూడదు. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్ద స్థాయి సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆ లెక్కన 8 మీటర్ల దగ్గర 119, 16 మీటర్ల దగ్గర 113, 64 మీటర్ల దగ్గర కూడా 101 డెసిబెళ్లు ఉంటుంది. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ల చుట్టూ ఉంటుందని గుర్తు చేసుకుంటే తేడా అర్థమవుతుంది. రెండు పక్కలా గోడలున్న ఇరుకు సందుల్లో ప్రతిధ్వని కూడా తోడవుతుంది కాబట్టి శబ్దం ఈ లెక్క ప్రకారం కూడా తగ్గదు.

అయితే తీవ్రత ఒక్కటే కాదు, ఎప్పుడు పేలుతుందో తెలియకపోవడం అసలు సమస్య. ఉన్నట్టుండి వచ్చిన చప్పుడుకు మెదడులోని అమిగ్డలా అనే భాగం ప్రమాద సంకేతం ఇస్తుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. చికెన్ ముక్కను కుక్క తాకకపోవడానికి కారణం ఇదే. అది మొండితనం కాదు, భయం ఎంత ముదిరిందో చెప్పే కొలత.

పిల్లుల దగ్గర నేర్చుకున్న పాఠం

1940లలో దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేశారు. ఒక బోనులో విద్యుత్ షాక్ తగిలిన పిల్లులు ఆ తర్వాత అక్కడ తిండి పెట్టినా తినేవి కావు. వోల్పే వాటికి ముందుగా ఆ గదిని అంతగా పోలని మరో గదిలో తిండి పెట్టారు. అక్కడ నిశ్చింతగా తిన్నాక, కొంచెం పోలిక ఉన్న గదికి మార్చారు. అలా మెట్టుమెట్టుగా చివరికి పాత బోనులోనే తినేలా చేయగలిగారు. నేటి కొలమానాలతో చూస్తే ఆ ప్రయోగం క్రూరమైనదే. కానీ భయం, ప్రశాంతత ఒకే శరీరంలో ఒకేసారి ఇమడవన్న ఆ సూత్రమే మనుషుల్లో అతి భయాలకు చేసే చికిత్సకు పునాది అయింది. ఇప్పుడదే పద్ధతి మళ్లీ పెంపుడు జంతువుల దగ్గరికి వచ్చింది.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. పండుగకు రెండు మూడు నెలల ముందే టపాసుల చప్పుడు రికార్డింగును చెవి రిక్కిస్తే తప్ప వినపడనంత తక్కువ స్థాయిలో పెట్టాలి. శబ్దం వచ్చిన వెంటనే ఇష్టమైన తినుబండారం ఇవ్వాలి. ముందు శబ్దం, తర్వాత తిండి. ఈ వరుస తప్పకూడదు. కొన్ని రోజులకు కొంచెం శబ్దం పెంచాలి. చెవులు వెనక్కి వాల్చడం, పెదవులు నాకడం, తోక ముడుచుకోవడం వంటి గుర్తులు కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రావాలి. తొందరపడితే భయం ఇంకా పెరుగుతుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఫోను స్పీకరు అసలు పేలుడులోని లోతైన, మంద్ర ధ్వనులను, గాలిలో వచ్చే ఆ కుదుపును పుట్టించలేదు. అందుకే ఒక్క రికార్డింగుల మీదే ఆధారపడకూడదు.

ఏది ఎంత పనిచేసింది?

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు స్టెఫానీ రీమర్ 1,225 మంది కుక్కల యజమానుల అనుభవాలను సేకరించి 2020లో ప్రచురించారు. పేలుడు వినిపించిన ప్రతిసారీ తినుబండారమో ఆటో అందించిన వాళ్లలో 70 శాతానికి పైగా మేలు కనిపించిందన్నారు. మాట చెప్పగానే ఒళ్లు వదులు చేసి పడుకోవడాన్ని ముందే నేర్పినవారిలో ఇది 69 శాతం, రికార్డింగులు వాడినవారిలో 55 శాతం, ఒంటికి బిగుతుగా చుట్టే కోటు తొడిగినవారిలో 44 శాతం. ఫెరోమోన్లు, మూలికలు, హోమియోపతి, సుగంధ తైలాల వంటి వాటికి వచ్చింది 27 నుంచి 35 శాతం మాత్రమే. ఇది ఉత్త నమ్మకం వల్ల కలిగే ప్రభావాన్ని మించదని రీమర్ అభిప్రాయపడ్డారు. ఇవన్నీ యజమానులు చెప్పిన మాటలే తప్ప ప్రయోగశాల కొలతలు కావు. అయినా డబ్బు, శ్రమ ఎక్కడ పెట్టాలో ఈ అంకెలు సూచిస్తున్నాయి.

దాక్కోనివ్వండి

నెదర్లాండ్స్‌లోని ఒక జంతు సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. 2014లో వెలువడిన ఆ అధ్యయనంలో 10 పిల్లులకు దాక్కోవడానికి పెట్టె ఇచ్చారు, 9 పిల్లులకు ఇవ్వలేదు. పెట్టె దొరికిన పిల్లులు కొద్దిరోజుల్లోనే మిగతావాటికన్నా ముందుగా కుదుటపడ్డాయి. ఖరీదైన వస్తువేమీ అక్కర్లేదు. పక్కకు తిప్పి, లోపల పాత దుప్పటి పరిచిన అట్టపెట్టె చాలు. దాక్కున్న పిల్లిని బయటికి లాగకూడదు.

కుక్కకైతే వీధికి దూరంగా ఉన్న లోపలి గది మంచిది. పలుచని పరదాల కన్నా కిటికీ తలుపులు గట్టిగా మూసి, సందుల్లో గుడ్డలు కుక్కితే శబ్దం ఎక్కువ ఆగుతుంది. ఫ్యాను, కూలరు, టీవీ వంటి వాటి నిలకడైన చప్పుడు దూరపు పేలుళ్లను కొంతవరకు కప్పేస్తుంది.

నాకడం, నమలడం, వాసన పట్టడం కుక్కకు స్థిమితాన్నిచ్చే సహజ పనులు. పాత తువాలులో తినుబండారాలు చుట్టి ఇస్తే అది వెతుక్కుంటూ కాలం గడుపుతుంది. సుప్రీంకోర్టు 2018లో దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే సమయం నిర్దేశించింది. ఆ వేళకు ముందే, వెలుతురు ఉండగానే షికారుకు తీసుకెళ్లి, భోజనం పెట్టి లోపలికి చేర్చాలి. మెడపట్టీ మీద ఫోను నంబరు రాసి ఉంచాలి.

“దగ్గరికి తీస్తే భయం ఇంకా అలవాటవుతుంది” అనే మాటలో నిజం లేదు. భయం ఒక ఉద్వేగం. నిమిరినంత మాత్రాన అది బహుమతి పొందిన అలవాటులా బలపడదు. దగ్గరికి వచ్చిన జంతువును నెమ్మదిగా నిమరవచ్చు, మామూలు గొంతుతో మాట్లాడవచ్చు. వచ్చి ఆనుకున్నదాన్ని తోసేయకూడదు, దూరంగా ఉన్నదాన్ని బలవంతంగా పట్టుకోకూడదు.

‘సహజం’ అన్నంత మాత్రాన

టీ ట్రీ ఆయిల్ సహజమైనదే. కానీ కుక్కలకు, పిల్లులకు అది విషం. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్రే పిల్లి ప్రాణం తీయగలదు. సుగంధ తైలాలను ఒంటికి రాయడం, మూసిన గదిలో ఆవిరి పట్టించడం కూడా ప్రమాదమే. మన పెరళ్లలో మొలిచే కుప్పింటాకు వేరుకు పిల్లులు ఆకర్షితమై పొర్లాడతాయి. అది కాసేపటి మైకమే తప్ప భయానికి మందు కాదు.

భయం తీవ్రంగా ఉంటే పశువైద్యులు రాసే మందులు వాడటం ఓటమి కాదు. రీమర్ సర్వేలో అలాంటి మందులు వాడినవారిలో 69 శాతం మేలు జరిగిందన్నారు. అయితే కొన్ని మత్తు మందులు శరీరాన్ని కదలనివ్వవే తప్ప లోపలి భయాన్ని తగ్గించవు. అందుకే మనుషుల నిద్రమాత్రలను సొంతంగా ఇవ్వకూడదు. వయసు మళ్లిన కుక్క కొత్తగా చప్పుళ్లకు జడుస్తుంటే కీళ్లు, కండరాల నొప్పి ఉందేమో పరీక్ష చేయించాలి. ఉలిక్కిపడినప్పుడల్లా నొప్పి పుడితే ఆ చప్పుడే శత్రువుగా ముద్రపడుతుంది. ఒత్తిడి పిల్లుల మూత్రాశయం మీద కూడా పడుతుంది. మగపిల్లి మూత్రం కోసం పదేపదే ముక్కుతూ పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే వైద్యుడికి చూపించాలి.

ఇక వీధి కుక్కలకు దాక్కునే గది ఉండదు. ఆ రెండు మూడు గంటలు అపార్ట్‌మెంటు సెల్లారునో మెట్ల కింది చోటునో వాటికి వదిలి, ఒక గిన్నెలో నీళ్లు పెడితే చాలు. టపాసులు వాటి దరిదాపుల్లో కాల్చకపోతే ఇంకా మేలు. పైన చెప్పిన లెక్క ప్రకారం నాలుగు మీటర్ల దూరాన్ని అరవై నాలుగు చేస్తే శబ్దం 24 డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకు మందు అక్కర్లేదు, టపాసు పట్టుకున్న మనిషి కొన్ని అడుగులు అవతలికి నడిస్తే సరిపోతుంది.