నెలకొక డాలరు కౌలు

 ఇరుగుపొరుగువారు కలిసి స్వచ్ఛందముగా పెంచెడి తోటలు లోకమున అనేకములు కలవు. కాని న్యూయార్కు నగరమున, బవరీ, హౌస్టన్ వీథులు కలిసెడి మూలనున్న లిజ్ క్రిస్టీ తోట కడనే నా మనస్సు నిలిచిపోయినది. అందులకు కారణము అందలి పూలు కావు, పండ్లు కావు. ఆ నేలకు నగరపాలకులు నిర్ణయించిన కౌలు.

1974 ఏప్రిల్ 23వ తేదీన నగరపు గృహశాఖవారు, ఇటుకముక్కలతోను చెత్తతోను నిండి ఎవరికిని అక్కరకు రాక పడియున్న ఆ స్థలమును, ‘బవరీ హౌస్టన్ సామూహిక క్షేత్రోద్యానము’ అను అర్థము వచ్చెడి పేర, స్థానికులకు అద్దెకిచ్చుటకు సమ్మతించిరి. అద్దె నెలకొక డాలరు. ఉచితముగనే ఇచ్చియుండరాదా యని తోచవచ్చును. కాని ఉచితముగా పొందినవాడు దయకు పాత్రుడు మాత్రమే. పైకము చెల్లించినవాడు, ఆ పైకమెంత స్వల్పమైనను, హక్కుదారు. లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణియు, ఆమె మిత్రులును, ‘గ్రీన్ గెరిల్లాలు’ అని తమకు తాము పేరు పెట్టుకొని, పాడువడిన స్థలములలో విత్తులు విసరుచు, కిటికీల అంచులపై పూలపెట్టెలు నిలుపుచు తిరుగుచుండగా, 1973లో ఈ స్థలము వారి కంటబడెను. కంచెల మీదుగా విత్తులు విసరి పోయెడివారిని కౌలుదారులుగా నిలిపినది ఆ డాలరే.

అయితే ఆ డాలరులోనే మరియొక లెక్కయు ఇమిడియున్నది. నగరము దృష్టిలో ఆనాడు ఆ నేల అంతకు మించి చేయదు. చేయునాడు వచ్చినచో ఈ కౌలు ఎన్నాళ్లు నిలుచునన్న ప్రశ్నయు తప్పదు. అందుచేత దీనిని ప్రభుత్వపు ఔదార్యముగా కీర్తించుటకు నా మనస్సొప్పదు. ఔదార్యము ఆ చెత్తనెత్తి పోసినవారిది.

వారు చేసిన పని సామాన్యమైనది కాదు. కూలిన భవనముల శిథిలములపై నేరుగా నాటిన మొక్కకు వేరూనుటకు చోటుండదు. పాత రంగులలోని సీసము మట్టిలో కలిసియుండునన్న భయమును కలదు. కావున వారు మంచి మట్టిని తెచ్చి పరచి, 60 ఎత్తుమడులు కట్టి, అందు కూరగాయలు పెట్టిరి. చెట్లును, పూలబారులును పిమ్మట వచ్చినవి. ఇరుగుపొరుగులను ఏకము చేసిన రహస్యము, నా యెరుకలో, ఈ మడుల పద్ధతియందే యున్నది. మడి ఎవరిది వారిది. నీటిగొట్టమును, ఎరువుకుప్పయు, తాళపుచెవియు మాత్రము అందరివి. ఒకరి వంగమొక్క ఎండక మునుపే మరియొకరు గొట్టము విడువవలెను, ఒకరు ఊరికి పోయినచో వేరొకరు తడి పెట్టవలెను. అంతవరకు మెట్లపై ఎదురుపడియు పలుకరించుకొనని వారికి మాటాడుకొనక గత్యంతరము లేదు. నిరాశ్రయులకును తాగుబోతులకును నెలవని అపకీర్తి మోసిన బవరీ వీథిలో ఇట్టి పలుకరింపు పుట్టుటను నేను చిన్న విషయముగా ఎంచజాలను. నియమిత సమయములలో ద్వారము తెరచి బాటసారులనెల్ల లోనికి రానిచ్చుట యన్నది ఇట్టి తోటలకు నేటికిని షరతు. ఆ వేళకు వచ్చి కూర్చుండువారును జీతము లేనివారే.

పూర్వాపరములు సంక్షిప్తముగా: 1970ల ఆర్థిక సంక్షోభమున యజమానులు ఇండ్లు విడిచిపోగా, అగ్నికి ఆహుతియైన భవనముల స్థలములు నగరము పాలబడినవి. 1978లో గ్రీన్‌థంబ్ అను నగరపు కార్యక్రమము పుట్టి తోటలకు కౌళ్లు వ్రాయసాగెను. 1985లో లిజ్ క్రిస్టీ మరణించగా, మరుసటి యేడు తోటకు ఆమె పేరు పెట్టిరి. 1999లో మేయరు జూలియానీ వందకు పైగా తోటలను వేలమునకు పెట్టబోగా, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ లాండ్ అను సంస్థయు, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థయు వానిని కొని కాపాడినవి. 2002లో కుదిరిన ఒక ఒడంబడికలో దాదాపు 400 తోటలకు రక్షణ లభించినది. తక్కినవానిలో పెక్కు గృహనిర్మాణమునకు విడువదగినవిగా నిర్ణయింపబడినవి. వానిని పెంచినవారును ఇట్లే మట్టి మోసినవారని మరువరాదు.

విత్తుల గుండ్లు

కంచె వేసి తాళము బిగించిన స్థలములకై గ్రీన్ గెరిల్లాలు కనిపెట్టిన ఉపాయమిది. బెలూన్లలోను, క్రిస్మస్ చెట్టుకు కట్టెడి సన్నని గాజుగోళములలోను విత్తులు, ఎరువు, తడిపిన పీటునాచు నింపి కంచె ఆవలికి విసరెడివారు. గోళము పగిలినచోటనే విత్తు మొలకెత్తుటకు కావలసిన తేమయు, మొదటి ఆహారమును దానితోనే చేరును. నీరు పోయుటకు లోనికి పోవలసిన పని లేదు.