యన్బూ: ఒకనాటి హాజీల రేవు, నేటి చమురు రేవు

అరబ్బీలో 'యన్బూ' అంటే ఊట. దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 90వ ఆయత్‌లో ఈ మాట వస్తుంది. భూమిలోంచి మా కోసం ఒక ఊటను పొంగిస్తేగాని నిన్ను నమ్మబోమని అవిశ్వాసులు దైవప్రవక్త (స)తో మొండికేసిన సందర్భమది. ఎర్ర సముద్రపు ఒడ్డున, మదీనాకు పడమరగా సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఇదే పేరుగల రేవు పట్నం ఉంది.

సీరత్ పాఠం చెప్పేటప్పుడు ఉషైరా ఎక్కడుందని పిల్లలు అడిగితే, మేము పటంలో యన్బూనే చూపిస్తాము. హిజ్రీ 2లో సిరియాకు పోతున్న ఖురైషుల వర్తక బిడారును అడ్డగించడానికి దైవప్రవక్త (స) అక్కడిదాకా వచ్చారు. బిడారు అప్పటికే దాటిపోయింది. బనూ ముద్లిజ్ తెగతో ఒడంబడిక చేసుకుని, యుద్ధం లేకుండానే తిరిగి వెళ్ళారు. ఆ బిడారు తిరుగు ప్రయాణమే బద్ర్‌కు దారితీసింది. తర్వాతి శతాబ్దాలలో ఈజిప్టు ధాన్యమూ, హాజీలూ ఈ రేవులో దిగి ఒంటెల మీద మదీనా చేరేవారు.

సౌదీ చమురు బావులు తూర్పు తీరాన ఉన్నాయి. అక్కడి ఓడలకు హుర్ముజ్ జలసంధి ఒక్కటే దారి. అది మూసుకుపోతే ఎలా అన్న చింత 1980లో ఇరాన్, ఇరాక్ యుద్ధంతో మరింత పెరిగింది. అబ్ఖైఖ్ నుండి ఎడారి మీదుగా సుమారు 1,200 కిలోమీటర్ల గొట్టం వేసి 1981లో ముడిచమురును యన్బూకు చేర్చారు. ఇరాక్ కూడా తన చమురును ఈ తీరానికే మరో గొట్టం ద్వారా పంపేది. 1990 ఆగస్టులో అది కువైట్‌ను ఆక్రమించగానే ఆ గొట్టం మూతపడింది. 2001లో సౌదీ దానిని స్వాధీనం చేసుకుంది. ఇరుగుపొరుగు ముస్లిం దేశాల మధ్య కుదిరిన ఇంత పెద్ద ఏర్పాటు పదేళ్ళయినా నిలవలేదే అని మాకు ఇప్పటికీ బాధ.

హుర్ముజ్‌ను తప్పించుకున్నా భయం తప్పలేదు. 2019 మే నెలలో అబ్ఖైఖ్, యన్బూ గొట్టపు మార్గంలోని పంపింగ్ స్టేషన్ల మీద డ్రోన్లు దాడిచేశాయి. యన్బూ నుండి మన దేశానికి వచ్చే ఓడ బాబుల్ మందబ్ దాటాలి. 2023 చివర నుండి ఆ దారిలోనూ ఓడల మీద దాడులు జరిగాయి. అక్కడి కర్మాగారాలలో పనిచేసే మన పిల్లల క్షేమం కోసం ఇక్కడ తల్లులు దుఆ చేస్తుంటారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. యన్బూలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి గొట్టాల ద్వారా మదీనాకు పంపుతారు. మన హాజీలు అక్కడి బసలో కొళాయి తిప్పి వుజూ చేసే నీటిలో ఈ తీరపు నీరూ ఉంటుంది.