ఆడినవాడు దొరికాడు, ఆడించినవాడెవరు?

నెల జీతం మీద నడిచే సింగరేణి ఇల్లు దసరా, దీపావళి మధ్య ఒక్కసారిగా పెద్ద మొత్తాలు చూస్తుంది. 2025 దసరాకు లాభాల వాటా కింద పర్మినెంట్ కార్మికుడికి సగటున రూ.1,95,610 అందింది. మూడు వారాలు తిరగకముందే దీపావళి బోనస్‌గా మరో లక్షా మూడు వేలు వచ్చింది. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లో బట్టల దుకాణాలకూ బంగారం షాపులకూ ఆ రోజుల్లో ఎంత గిరాకీ ఉంటుందో, పత్తాలాట నడిపించేవాళ్లకూ అంత గిరాకీ ఉంటుంది. అది తెలిసే పోలీసులు దాడులు పెంచుతారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. వెనక వరుసలో పోలీసులు, ముందు తలలు వంచుకున్న మనుషులు, మధ్యలో పరిచిన పేకముక్కలు, నోట్లు, సెల్‌ఫోన్లు. ఎందరు దొరికారు, ఎంత నగదు పట్టుబడింది, ఎన్ని బైకులు సీజ్ చేశారు అన్నవన్నీ ప్రెస్‌నోట్‌లో ఉంటాయి. ఆ గది ఎవరిది, ఆటకు ఎంత కమీషన్ తీశారు, అది ఎవరి చేతికి పోయింది అన్నది చాలాసార్లు ఉండదు. చట్టం మొదట అడిగే ప్రశ్న మాత్రం అదే. జూదంపై మనకున్న చట్టాన్ని ఆడించేవాడి వైపు తిప్పకుండా ఆడేవాడి మీదే ప్రయోగిస్తూ పోతే బొగ్గుబాయి కుటుంబాలకు ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ అన్నదే ఈ కథనం వాదన.

జూదం, పందేలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా కిందికి, 34వ అంశంగా వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో చేసిన గేమింగ్ చట్టమే రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ గేమింగ్ చట్టమైంది. ఎఫ్‌ఐఆర్‌లలో ఎక్కువగా కనిపించేవి దీనిలోని మూడు సెక్షన్లు. జూదగృహం నడిపేవాడికి 3వ సెక్షన్, అక్కడ ఆడుతూనో ఆడడానికి వచ్చో దొరికినవాడికి 4వ సెక్షన్, వీధుల్లో, బహిరంగ స్థలాల్లో ఆడితే 9వ సెక్షన్. మొదటి రెండిటికీ ఆధారం ‘జూదగృహం’ అన్న నిర్వచనమే. అంకెల మీదా పందేల మీదా డబ్బు కట్టించే వ్యవహారాలకు అది చాలా విశాలంగా ఉంటుంది. పేకాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చట్టం ఒక షరతు పెట్టింది. ఆ స్థలాన్ని ఉంచుకున్నవాడు గది అద్దెగానో, పేకకట్టకు చార్జీగానో, ఆటాటకూ కోతగానో లాభం పొందుతూ ఉండాలి. క్లబ్బులకూ సంఘాలకూ ఈ షరతు వర్తించదు, అక్కడ లాభం లేకపోయినా జూదగృహమే. 1974లో చట్టం రాసినవాళ్లు గురిపెట్టింది పేకముక్క పట్టుకున్న చేతిని కాదు, ఆ ఆట మీద బతుకుతున్న గల్లాపెట్టెను.

2017లో ఈ రూపం మారింది. ఆ ఏడాది జూన్, జూలైల్లో వచ్చిన రెండు ఆర్డినెన్సులు, ఆ తర్వాత చేసిన చట్ట సవరణ కలిసి మూడు పనులు చేశాయి. ఆన్‌లైన్ ఆటలను చట్టం పరిధిలోకి తెచ్చాయి. నైపుణ్యంతో ఆడే ఆటలకు 15వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపును ఎత్తేశాయి. శిక్షలు పెంచాయి. జూదగృహం నడిపి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, రూ.5,000 దాకా జరిమానా, మళ్లీ దొరికితే రెండేళ్లు, పదివేలు. రాత్రికి లక్షలు చేతులు మారే స్థావరం నడిపేవాడికి ఐదువేల జరిమానా ఒక లెక్కా? అతన్ని నిజంగా భయపెట్టగలిగేది జైలు ఒక్కటే. అది పడాలంటే అతని లాభాన్ని సాక్ష్యంతో కోర్టులో నిలబెట్టాలి.

ఆ సాక్ష్యం ఎంత కీలకమో చెప్పిన తీర్పు మన గడ్డ మీది కేసులోనే వచ్చింది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రిసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లతో పాటు క్లబ్ కార్యదర్శిని, కోశాధికారిని కూడా ముద్దాయిలను చేశారు. అప్పటి హైదరాబాద్ జూద చట్టం కింద కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసుగా పేరుబడ్డ ఆ వ్యాజ్యంలో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అన్నారు. మూడు ముక్కలాట అలాంటిది కాదని, అది కేవలం అదృష్టమని తేడా చూపించారు. పేకల ఖర్చు కోసం, పొద్దుపోయాక కూర్చున్నందుకు క్లబ్ తీసుకున్న చార్జీలను లాభంగా చూడలేమన్నారు. అదే తీర్పులో, యజమాని రమ్మీ మీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యముంటే నేరం రుజువు కావచ్చనీ చెప్పారు. తర్వాత వచ్చిన ఆన్‌లైన్ కంపెనీలు ఇందులో మొదటి సగాన్నే పట్టుకు తిరిగాయి. పోలీసు దర్యాప్తుకు పనికొచ్చేది రెండో సగం.

ఇప్పుడు తెలంగాణలో ‘రమ్మీ నైపుణ్యపు ఆట కదా’ అన్నంత మాత్రాన కేసు పోదు. 2017 సవరణ మీద వేసిన సవాళ్ల మాట ఎలా ఉన్నా, ఆ మార్పును నేను తప్పుపట్టను. బోనస్ మొత్తం పోగొట్టుకున్న కార్మికుడి ఇంట్లో ఆ ఆటకు ఎంత తెలివి కావాలన్న చర్చకు విలువ లేదు. డబ్బు లాగే యంత్రానికి నైపుణ్యం అన్న పేరు డాలుగా ఉండకూడదు. అయితే ఆ డాలు తీసేశాక ముద్దాయికి మిగిలే వాదనలేమిటో జనానికి తెలియాలి. అక్కడ లాభం తీసేవాడు లేడు, నలుగురు బంధువులు పండుగపూట క్వార్టర్‌లో కూర్చున్నారు అన్నది మొదటిది. సోదాకు చట్టం చెప్పిన అధికారి వారెంటు ఉందా అన్నది రెండోది. పేకముక్కలు దొరికితే దాన్ని జూదగృహంగా భావించవచ్చని చట్టం అంటుంది. పద్ధతి ప్రకారం జరిగిన సోదాకే ఆ వెసులుబాటు. అప్పుడు కూడా కాదని రుజువు చేసుకునే అవకాశం ముద్దాయికి ఉంటుంది. నేను ఆడడానికి రాలేదు, మనిషిని పిలవడానికి వచ్చాను అన్నది మూడోది. వీటిని లొసుగులని తిట్టేవాళ్లున్నారు. పండుగపూట కాలక్షేపానికీ రాత్రిళ్లు నడిచే వ్యాపారానికీ మధ్య చట్టం గీసిన గీతలు ఇవే. వీటిని చెరిపేస్తే పోలీసుకు సులువైన కేసులు పెరుగుతాయి, కష్టమైన కేసు పక్కకు పోతుంది.

సులువైన కేసు ఎలా ముగుస్తుందో గోదావరిఖని కోర్టు వరండాలో నిలబడ్డ ఎవరికైనా తెలుసు. నేరం ఒప్పుకో, ఫైన్ కట్టు, ఇవాళ్టితో అయిపోతుంది అని సలహా ఇస్తారు. వాయిదాకు వచ్చిన ప్రతి రోజూ ఒక మస్టరు పోతుంది కాబట్టి కార్మికుడు ఒప్పేసుకుంటాడు. మస్టర్లు తగ్గితే కంపెనీ ఛార్జిషీటు ఇస్తుందన్న భయం బాయి పని చేసే ప్రతి ఇంట్లో ఉన్నదే. కోర్టులో నేరం ఒప్పుకోవడమంటే శిక్ష పడిన రికార్డు మిగలడమేనని అతనికి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఉద్యోగాల కోసం పోలీసు వెరిఫికేషన్‌కు వెళ్లే కొడుకు వయసు కుర్రాడైతే ఆ రికార్డు చేసే నష్టం ఇంకా ఎక్కువ. 2025లో లాభాల వాటాగా రూ.5,500 అందుకున్న కాంట్రాక్టు కార్మికుడి సంగతి మరీ అన్యాయం. కాంట్రాక్టర్ అతన్ని రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కుండదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఆడేవాడు లేకపోతే ఆడించేవాడు ఎక్కడుంటాడు, శిక్ష భయం తీసేస్తే ఆట పెరగదా అని. ఇళ్లలో ఆడవాళ్లే పోలీసులకు ఫోన్ చేసి దాడి చేయమంటారన్నదీ నిజమే, వాళ్ల కడుపుమంటను తేలిగ్గా తీసుకోలేం. కానీ పార్లమెంటు ఈ ప్రశ్నను ఎదుర్కొని వేరే దారి ఎంచుకుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇస్తే రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు లావాదేవీలకు వీలు కల్పించే సంస్థకు మళ్లీ మూడేళ్లు, కోటి. ఆడేవాడికి ఆ చట్టంలో శిక్ష లేదు. మోసపోయినవాడిని జైల్లో వేస్తే వాడు నోరు విప్పడు, వాడి సాక్ష్యం లేకుండా నిర్వాహకుడు దొరకడు అన్నది అందులోని తర్కం. ఇప్పుడు పరిస్థితి చూడండి. కేంద్ర చట్టం దృష్టిలో ఫోన్‌లో రెండు లక్షలు పోగొట్టుకున్న కార్మికుడు బాధితుడు. అదే కార్మికుడు ఊరవతల మామిడితోటలో రెండు వేలు పెట్టి దొరికితే రాష్ట్ర చట్టం కింద ముద్దాయి. రాష్ట్ర చట్టాన్ని కూడా ఈ దారికి తేవాలి. మొదటిసారి దొరికిన ఆటగాడికి హెచ్చరిక, కౌన్సెలింగ్ ఇచ్చి, అతన్ని సాక్షిగా వాడుకుని పైకి వెళ్లాలి.

ఆడించేవాడికి ఇంకో కఠినమైన నిబంధన ఇప్పటికే చేతిలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్, గ్రూపుగానో గ్యాంగుగానో అనధికార బెట్టింగు, జూదం నడపడాన్ని చిన్న తరహా వ్యవస్థీకృత నేరంగా చూస్తుంది. దానికి ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. ఐదువేల జరిమానా భయపెట్టని మనిషిని ఇది భయపెడుతుంది. అంతే ప్రమాదమూ ఉంది. బాయి దోస్తులు నలుగురు కూర్చున్న ఆటకు గ్యాంగు అని పేరు పెడితే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది. అందుకే ఇక్కడా తేల్చాల్సింది లాభం ఎవరిది అన్నదే.

బొగ్గుబావుల ప్రాంతంలో జూదం చేసే అసలు గాయం అప్పు. జీతం పడే ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి జేబులో ఉండడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచినవాడు ఆ డబ్బు కోసం కోర్టుకెక్కలేడు. ఓడిన డబ్బుకు రాసిచ్చిన చెక్కు బౌన్సైతే, అది చట్టబద్ధమైన బాకీ కాదని వాదించవచ్చు. కాకపోతే చెక్కు మీద సంతకం ఉంటే బాకీ ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుంది, కాదని చూపించే భారం సంతకం పెట్టినవాడిదే. స్థావరం పక్కనే కూర్చుని అప్పులిచ్చేవాడు మరింత తెలివిగా ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకుని, ఇంటి ఖర్చులకు ఇచ్చానంటాడు. జూదానికేనని తెలిసి ఇచ్చిన అప్పుకు చట్టం అండ ఉండకూడదని వాదించే వీలుంది. దానికి ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారో చెప్పే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం చెప్పాల్సిన తోటి ఆటగాడు తన మీదే కేసు ఉంటే నోరు మెదపడు.

కాబట్టి రామగుండం కమిషనరేట్ టాస్క్‌ఫోర్స్ వచ్చే బోనస్ రోజుల్లో వేసే దాడుల్లో పంచనామా ఇంకొంచెం పొడుగ్గా ఉండాలి. గది ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరికి పోతోంది, కమీషన్ నోటుపుస్తకం ఎక్కడుంది, నిర్వాహకుడి ఫోన్‌లో ఆ వారం వచ్చిన యూపీఐ చెల్లింపులెన్ని, పక్క గదిలో దొరికిన ఏటీఎం కార్డులు ఎవరెవరివి? సీజ్ చేసిన ఫోన్లలో ఈ జవాబుల్లో సగం ఇప్పటికే ఉంటాయి. యూనియన్లు పిట్ మీటింగుల్లో అడగాల్సింది, వచ్చే ఎన్నికల్లో కార్మికులకు హామీగా ఇవ్వాల్సింది కూడా ఇదే: పట్టుబడిన ప్రతి కార్మికుడికి నేరం ఒప్పుకునే ముందు ఒక వకీలు సలహా, పట్టుబడిన ప్రతి స్థావరానికి ఒక 3వ సెక్షన్ ముద్దాయి పేరు.