డిస్కస్ దూరం పోవట్లేదా? ముందు డిస్క్ చూసుకోండి

మేడారంలో జాతర అయిపోయాక జంపన్న వాగు వైపు ఎంత ఖాళీ జాగా ఉంటుందో తెలుసు కదా. డిస్కస్ ప్రాక్టీసుకు ఇంకేం కావాలి? కానీ చాలామంది పెద్దోళ్ల 2 కేజీల డిస్క్ పట్టుకుని భుజం పాడుచేసుకుంటారు. అమ్మాయిలకు 1 కేజీ చాలు. అబ్బాయిలకు అండర్-18లో కేజీన్నర, అండర్-20లో 1.75. ఆ తర్వాతే 2 కేజీలు.

కొనేటప్పుడు ఇంకోటి కూడా చూడండి. అంచులో బరువు ఎక్కువున్న డిస్క్ బాగా తిప్పి వదలగలిగినవాళ్లకే పనికొస్తుంది. కొత్తవాళ్లు వేస్తే గాల్లో ఊగిపోయి పడిపోతుంది. మీకు అంచు బరువు తక్కువున్నదే బెటర్.

ఇక పట్టు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పిడికిలి బిగించొద్దు. వేళ్ల చివరి కణుపులు మాత్రమే అంచుకు ఆనాలి, బొటనవేలు ఊరికే పైన ఉండాలి. ఆఖరికి విడిచేది చూపుడువేలే. కుడిచేతివాళ్లు వేస్తే, పైనుంచి చూసినప్పుడు డిస్క్ గడియారం ముల్లులా తిరగాలి. చిటికెనవేలు వైపు నుంచి జారిందా, దూరం గోవిందా! ముందు నేల మీద దొర్లించి చూడండి. ఊగకుండా తిన్నగా పోతే పట్టు కుదిరినట్టే.

ఎదురుగాలి వస్తే భయపడొద్దు, మంచిదే. డిస్క్‌ను అదే లేపుతుంది. కాకపోతే మరీ పైకి విసరకండి.

అన్నట్టు, మన దగ్గర చుట్టూ వల ఉండదు. కుడిచేతివాళ్లు తొందరపడి వదిలితే డిస్క్ కుడిపక్కకు దూసుకుపోతుంది. రీల్ తీసే ఫ్రెండ్‌ను అక్కడ నిలబెట్టకండి. బాగా వెనక, చెట్టు చాటు నుంచి జూమ్ చేసి తీయమనండి.