అవయవ మార్పిడి అనంతరం క్రమం తప్పని మందులే రక్షణ

దంతాలపల్లి: మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి వంటి గ్రామీణ మండలాల నుంచి హైదరాబాద్ వెళ్లి మూత్రపిండ మార్పిడి చేయించుకునే రోగులకు శస్త్రచికిత్సతోనే వైద్యం ముగియదు. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా అది పనిచేసినంత కాలం మందులు వాడవలసి ఉంటుంది.

మానవ దేహంలోని దాదాపు ప్రతి కణంపైన హెచ్ఎల్ఏ అనే గుర్తులుంటాయి. ఇవి తల్లిదండ్రుల నుంచి చెరి సగం సంక్రమిస్తాయి. తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టి-కణాలు ఈ గుర్తులను బట్టి పరాయి అవయవాన్ని పసిగట్టి దాడి చేస్తాయి. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం జరిపిన మూత్రపిండ మార్పిడి ఫలించడానికి దాత, గ్రహీత ఒకే అండం నుంచి జన్మించిన కవలలు కావడమే ముఖ్య కారణం.

ఇతరుల విషయంలో రక్తవర్గం, హెచ్ఎల్ఏ పోలికలను ముందుగా పరిశీలిస్తారు. దాత కణాలను ఎదిరించే ప్రతిరక్షకాలు గ్రహీత రక్తంలో ఉన్నదీ లేనిదీ క్రాస్‌మ్యాచ్ పరీక్షలో తేలుతుంది. అటుపై టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు తిరస్కరణను అదుపులో ఉంచుతాయి.

ఆరోగ్యం కుదుటపడిందని ఈ మందులు మానివేయడం ప్రమాదకరం. తిరస్కరణ తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్ పెరగడమే మొదటి హెచ్చరిక కావచ్చు. మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది గనుక జ్వరం వస్తే జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి. ఇతర మందులేవీ సొంతంగా వాడరాదు.

జీవన్మృతుల అవయవదానాన్ని సమన్వయపరచే జీవన్‌దాన్ కార్యక్రమం 2013లో నిమ్స్ కేంద్రంగా ప్రారంభమైంది. దాతల కుటుంబాల త్యాగం వృథా కాకుండా, గ్రహీతలు ఒక్క పూట కూడా మందులు తప్పకుండా క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది శ్రద్ధ వహించవలసి ఉంది.